లాండ్‌మన్నలౌగర్‌కి సొంత డ్రైవింగా, బస్సా?

డబ్లిన్_బుజ్జి: జులై రెండోవారం ఐస్‌లాండ్ వెళ్తున్నాం. అమ్మానాన్నతో కలిపి నలుగురం. లాండ్‌మన్నలౌగర్ రంగురంగుల కొండలు, వేడినీళ్ల మడుగు చూడాలి. ఫోర్-బై-ఫోర్ డస్టర్ సరిపోతుందా, బస్సెక్కమంటారా?

గేర్_గోపి: డస్టర్ చాలు. ఎఫ్-208 (అక్కడ ఎఫ్ అంటే తారు లేని కొండదారి) మీద ఉత్తరం నుంచి, అంటే సిగల్డా వైపు నుంచి రండి. ఏరు తగిలేది చివర్లో, క్యాంపు ముందే. అదీ దాటక్కర్లేదు, ఇవతలే బండి ఆపి కాలి వంతెన మీద నడిచిపోవచ్చు. దారంతా కంకర గతుకులు. స్పేర్ టైరు ఉందో లేదో బండి తీసుకునేటప్పుడే చూసుకోండి.

కాకినాడ_కాజా: బస్సే. ఇన్సూరెన్స్ కాగితం చదివారా ఎవరైనా? "ఫుల్ కవర్" అన్నా సరే, ఏటి నీళ్లు ఇంజన్లోకి పోతే మామూలుగా పైసా రాదు. గాలి పీల్చే గొట్టం మునిగితే సిలిండర్లోకి నీళ్లు చేరతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ ఖర్చంతా మీ నెత్తినే.

గేర్_గోపి: దాటక్కర్లేదనే కదండీ చెప్పాను!

కాకినాడ_కాజా: అక్కడిదాకా వెళ్లి ఆగేదెవరు? గ్లేసియర్ ఏరు పాలు కలిపినట్టుంటుంది, అడుగు కనపడదు. మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్లు పెరుగుతాయి. పొద్దున్న దాటిన చోటే సాయంత్రం ఇరుక్కుంటారు. క్రోస్సా ఏరు సంగతి తెలీదా?

గేర్_గోపి: క్రోస్సా ఉన్నది థోర్స్‌మోర్క్ అనే వేరే లోయకి పోయే దారిలో! ఆయన అడిగిందేంటి, మీరు చెప్పేదేంటి? దాటాల్సొచ్చినా పద్ధతుంది. ఇరుగ్గా, నిలకడగా కనపడే చోటే లోతు. వెడల్పుగా గలగలమనే చోట దాటాలి. లో గేర్లో, నడక వేగంతో, మధ్యలో గేరు మార్చకుండా. కాళ్లతో దిగడానికి జంకే నీళ్లలోకి బండి దించకూడదు.

మంచుముద్ద: టూ-వీల్ డ్రైవ్ కారుతో ఎఫ్ రోడ్డెక్కడం చట్టవిరుద్ధం. అదొక్కటైనా ఇద్దరూ ఒప్పుకోండి.

కాకినాడ_కాజా: చూశారా? దాటక్కర్లేదన్న పెద్దమనిషే దాటే పాఠం మొదలెట్టాడు. ఇరుక్కుంటే వచ్చే రెస్క్యూ వాళ్లు వాలంటీర్లు బాబూ, జీతగాళ్లు కాదు.

గేర్_గోపి: సరే, ఉన్నమాట చెప్తా. కొండ మీద ఎండ పడే వేళకి బస్సువాడి గడియారం చూసుకుని వెనక్కి పరిగెత్తడం నాకు పడదు. అంతే.

కాకినాడ_కాజా: అలా చెప్పండి. అది మీ సరదా. ఆయన వెనక సీట్లో ఉండేది అమ్మానాన్న.

డబ్లిన్_బుజ్జి: బస్సే అనుకుంటున్నా. సాయంత్రం బస్సు తప్పితే?

మంచుముద్ద: అక్కడ యాత్రికులు బస చేసే గుడిసెలో పడకలు నెలల ముందే నిండిపోతాయి. టెంటుంటే క్యాంపులో వేసుకోవచ్చు. నేలంతా రాళ్లే, మేకులు దిగవు. తాళ్లకి బరువైన రాళ్లు కట్టి బిగించాలి.