మోకాలి ఆపరేషన్ అయిన నాన్నతో హైదరాబాద్‌లో సినిమా: రిక్లైనర్ తీసుకోవాలా, మామూలు సీటే మేలా?

మియాపూర్ అమ్మాయి:
అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మానాన్న సూర్యాపేట నుంచి మా ఇంటికి వస్తున్నారు. నాన్నకి కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యి ఐదు నెలలు. చేతికర్ర లేకుండానే నడుస్తున్నారు. మెట్ల దగ్గర మాత్రం రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఎక్కుతారు. హాల్లో సినిమా చూసి మూడేళ్ళు దాటింది. 90ల్లో ఎస్సార్ నగర్‌లో రూమ్ తీసుకుని ఉద్యోగం చేసేటప్పుడు అమీర్‌పేట సత్యంలో వారానికో సినిమా చూసేవారట, ఇప్పటికీ ఆ కబుర్లే చెబుతారు. ఈసారి ఎలాగైనా హాల్లో సినిమా చూపించాలని నా కోరిక.

మేం నలుగురం. డబ్బులు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, ఆయన మూడు గంటలు కాలు నొప్పి లేకుండా కూర్చోవాలి. రిక్లైనర్ (బటన్ నొక్కితే వీపు వెనక్కి వాలి, కాళ్ళ కింద ఫుట్‌రెస్ట్ లేచే సీటు) అయితే కాళ్ళు చాపుకోవచ్చని మా వారు అంటున్నారు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు మీ అనుభవం చెప్పండి, ప్లీజ్.

సెకండ్‌షో:
రిక్లైనర్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన జీవో ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు గరిష్ఠంగా 250, రిక్లైనర్ 300, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే మామూలుది 295, రిక్లైనర్ 350 దగ్గర పడుతుంది. తేడా 60 రూపాయల లోపే. పెద్ద సినిమాలకి మొదటి రోజుల్లో రేటు పెంచుకోమని ప్రత్యేకంగా జీవో ఇస్తే లెక్క మారిపోతుంది, కాబట్టి విడుదలైన వారం వదిలేసి వెళ్ళండి. జనం కూడా తగ్గుతారు.

కొండాపూర్ నాన్న:
సెకండ్‌షో భాయ్, రేటు సంగతి నిజమే కానీ ఆవిడ అడిగింది మోకాలి గురించి. నా అనుభవం చెప్తాను అమ్మా, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదువు.

పోయిన సంక్రాంతికి మా అత్తయ్యని ఒక మల్టీప్లెక్స్‌కి తీసుకెళ్ళాం. ఆమెకి 70 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ముచ్చటపడి రిక్లైనర్లే బుక్ చేశాను. తలుపు తీసుకుని లోపలికి వెళ్తే మేం తేలింది స్క్రీన్ పక్కన, కింద. రిక్లైనర్లు అన్నిటికంటే వెనక, అన్నిటికంటే పైన. యాడ్స్ మొదలైపోయాయి, లైట్లు తీసేశారు. మెట్ల అంచున సన్నటి లైటు తప్ప ఇంకేం కనబడదు. ఆమె నా భుజం పట్టుకుని పదిహేనో పదహారో మెట్లు ఎక్కారు. మధ్యలో రెండుసార్లు ఆగాం. వెనక వచ్చేవాళ్ళు ఆగిపోతున్నారని ఆమెకి టెన్షన్. సీట్లో కూర్చున్నాక హాయిగానే ఉన్నారు. కానీ ఇంటర్వెల్‌లో బాత్రూమ్‌కి వెళ్దామంటే వద్దన్నారు, మళ్ళీ ఆ మెట్లు దిగి ఎక్కాలి కదా. మూడు గంటలు అలాగే బిగబట్టుకుని కూర్చున్నారని ఇంటికొచ్చాక మా ఆవిడ చెప్పింది. నాకు చాలా బాధేసింది.

అందుకే సీటు కంటే ముందు దారి చూసుకోండి. కొన్ని స్క్రీన్లకి తలుపు పై వరుసల దగ్గర తెరుచుకుంటుంది, అక్కడ రిక్లైనర్ దాకా ఒకటి రెండు మెట్లే ఉంటాయి. కొన్నిటికి మధ్యలో, కొన్నిటికి కింద. ఒకే మల్టీప్లెక్స్‌లో స్క్రీన్ 2కి ఒకలా, స్క్రీన్ 5కి ఒకలా ఉంటుంది. బుకింగ్ యాప్‌లో ఇది కనబడదు. ముందు రోజు ఒక్కసారి వెళ్ళి కౌంటర్లో అడగడమే మార్గం. ఎలాగూ కౌంటర్లో టికెట్ తీసుకుంటే ఆన్‌లైన్ బుకింగ్ చార్జీ కూడా ఉండదు.

మియాపూర్ అమ్మాయి:
అన్నా, ఇది నాకు తట్టనే లేదు. మెట్ల గురించి అసలు ఆలోచించలేదు. చాలా థ్యాంక్స్.

ఫిజియో విజయనగరం:
నేను ఫిజియోథెరపిస్ట్‌ని. మోకాలి మార్పిడి అయినవాళ్ళతో రోజూ పని. మీ నాన్నగారి విషయంలో ఆయన సర్జన్ మాటే ఫైనల్, నేను చెప్పేది మామూలుగా చూసుకోవలసినవి.

కాలు చాపుకోవడం మంచిదే. కానీ రిక్లైనర్‌తో రెండు చిక్కులున్నాయి. ఒకటి, కుషన్ మెత్తగా, కిందికి దిగిపోయేలా ఉంటే లేవడం కష్టం. మోకాలు తుంటి కంటే పైకి వచ్చేలా కూర్చుంటే లేచేటప్పుడు బరువంతా మోకాలి మీదే పడుతుంది. రెండోది, చాలామంది ఫుట్‌రెస్ట్ సగం దిగి ఉండగానే లేవబోతారు. బటన్ నొక్కి పట్టుకుని అది పూర్తిగా లోపలికి వెళ్ళేదాకా ఆగాలి. తర్వాత సీటు అంచుకి జరిగి, రెండు పాదాలూ నేల మీద ఆనించి, రెండు చేతులతో ఆర్మ్‌రెస్ట్‌లు నొక్కుతూ లేవాలి. ఫుట్‌రెస్ట్ మీద బరువు వేసి లేవకూడదు.

ఏ సీటైనా సరే, మూడు గంటలు ఒకే తీరుగా ఉంటే కీలు బిగుసుకుపోతుంది. పావుగంటకోసారి పాదం పైకీ కిందికీ ఆడించమనండి. ఇంటర్వెల్‌లో తప్పకుండా లేచి నాలుగడుగులు వేయాలి. ఇంకొక మాట, ఆపరేషన్ అయిన కాలు నడిచే దారి వైపు ఉండేలా చివరి సీటు తీసుకోండి. అప్పుడు మామూలు సీటైనా కాలు పక్కకి చాపుకోవచ్చు. ఎవరైనా దాటేటప్పుడు మాత్రం వెనక్కి తీసుకోవాలి.

సౌండ్‌బాక్స్:
సీటు సుఖం గురించి అందరూ చెప్తున్నారు, బొమ్మా సౌండూ గురించి నేను చెప్తాను. మా నాన్న ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశారు, ఈ పిచ్చి నాకు అక్కడ అంటుకుంది.

రిక్లైనర్లు ఎక్కువగా ఆఖరి వరుసల్లో ఉంటాయి. వెనక గోడకి ఉన్న స్పీకర్లు మీ తల పక్కనే మోగుతాయి, బేస్ కూడా గోడ దగ్గర పోగుపడి గుమ్మంటుంది. చుట్టూ, పైనా స్పీకర్లుండే డాల్బీ అట్మాస్ హాలైనా సరే, మిక్సింగ్ చేసినవాళ్ళు అనుకున్న సౌండ్ వినబడేది హాలు మధ్యలో కాస్త వెనగ్గా, ముందు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో. పెద్దవాళ్ళకి చెవి దగ్గర హోరు పడదు, అది గుర్తుపెట్టుకోండి. ఇంకా, చిన్న స్క్రీన్‌కి ఆఖరి వరుస అయితే బొమ్మ చిన్నగా కనబడుతుంది. ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌లో పెద్ద స్క్రీన్ లాంటిది అయితే వేరు. 2003లో ఐమాక్స్‌గా మొదలైంది, జనం ఇప్పటికీ ఐమాక్స్ అనే అంటారు కానీ ఇప్పుడు ఆ స్క్రీన్ పేరు పీసీఎక్స్. వెడల్పే 100 అడుగులు దాటుతుంది, అక్కడ వెనక కూర్చుంటేనే బొమ్మంతా కళ్ళల్లో పడుతుంది.

సీటు పూర్తిగా వాల్చేస్తే చూపు సీలింగ్ వైపు పోతుంది, తల ఎత్తి పట్టుకుని మెడ నొప్పి తెచ్చుకుంటారు. కాళ్ళు పైకి, వీపు సగమే వెనక్కి. అదీ పద్ధతి.

బెజవాడ బాల్కనీ:
మాకు ఇక్కడ ఆంధ్రలో 2022 జీవో తర్వాత మల్టీప్లెక్స్ మామూలు సీటు జీఎస్టీతో కలిపి 177, రిక్లైనర్ 295. మా అమ్మకి రిక్లైనర్ అంటే ప్రాణం. ఒకసారి ఒక హాల్లో బటన్ పనిచేయలేదు. ఫుట్‌రెస్ట్ పైకి లేచి అక్కడే ఆగిపోయింది. కాళ్ళు గాల్లో ఉండిపోయి అమ్మ కంగారుపడిపోయింది. టార్చ్ పట్టుకుని ఒకబ్బాయి వచ్చి, కింద ప్లగ్ తీసి పెడితే దిగింది. అప్పటికి పది నిమిషాల సినిమా పోయింది. అప్పట్నుంచీ కూర్చోగానే లైట్లు ఉండగానే ఒకసారి పైకీ కిందికీ ఆడించి చూస్తాం. పనిచేయకపోతే అప్పుడే సీటు మార్పించుకోవచ్చు. చెప్పులు, బ్యాగు ఫుట్‌రెస్ట్ కింద పెట్టకండి, దిగేటప్పుడు ఇరుక్కుంటాయి. చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త.

నలుగురు వెళ్తున్నారు కాబట్టి ఇంకోటి. రిక్లైనర్లు చాలాచోట్ల రెండేసి జతలుగా ఉంటాయి. ముగ్గురికో ఐదుగురికో అయితే ఒకరు విడిపోతారు, మీకు ఆ బాధ లేదు.

డాలస్ తెలుగోడు:
ఇక్కడ చాలా థియేటర్లలో హాలంతా రిక్లైనర్లే, ముందు వరుస నుంచీ. కాబట్టి మా నాన్నగారు వచ్చినప్పుడు మెట్లు ఎక్కకుండా తలుపు దగ్గరి వరుసలోనే రిక్లైనర్ దొరికింది. హైదరాబాద్‌లో కూడా పూర్తిగా రిక్లైనర్లతో ఉన్న చిన్న స్క్రీన్లున్న చోట అడిగి చూడండి చెల్లీ.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్:
సింగిల్ స్క్రీన్లలో కూడా బాల్కనీలో రిక్లైనర్లు వేస్తున్నారు, జీవో ప్రకారం 200 ప్లస్ జీఎస్టీ. జనం మధ్య ఈలలు వింటూ చూడటానికి దాన్ని మించింది లేదు, నా మనసంతా అక్కడే ఉంటుంది. అయినా మీ నాన్నకి వద్దంటాను. చాలా పాత హాళ్ళలో బాల్కనీకి లిఫ్ట్ ఉండదు, మెట్లే.

సత్యం అన్నారు కాబట్టి చెప్తున్నా, ఆ థియేటర్ తీసేసి అదే చోట 2023 జూన్‌లో ఏఏఏ సినిమాస్ అనే మల్టీప్లెక్స్ తెరిచారు. అమీర్‌పేట మెట్రోలో దిగితే దగ్గరే. మీ నాన్నని ఒక్కసారి అటు తీసుకెళ్ళండి.

కొండాపూర్ నాన్న:
కారులో వెళ్తే పార్కింగ్ గురించి: 2018 జీవో ప్రకారం మాల్‌లో పార్కింగ్ ఫీజు కంటే సినిమా టికెట్ విలువ ఎక్కువైతే ఆ ఫీజు కట్టనక్కర్లేదు. టికెట్ చూపించి అడగండి. ముందుగా నాన్నగారినీ అమ్మగారినీ లిఫ్ట్ దగ్గర దింపేసి మీ వారు పార్క్ చేసి రావడం మంచిది. శరత్ సిటీ మాల్‌లో ఏఎంబీ మల్టీప్లెక్స్ లాంటి పెద్ద చోట్లయితే సెల్లార్ నుంచి థియేటర్ దాకా నడకే బోలెడు. వీల్‌చెయిర్ కావాలంటే మాల్ వాళ్ళని అడిగితే ఇస్తారు, దానికి మొహమాటపడొద్దు.

తిండి: బయటి తిండి ఆపే హక్కు హాలు వాళ్ళకి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, మంచినీళ్ళు మాత్రం ఉచితంగా ఇవ్వాలి. షుగర్ ఉంటే భోజనం చేసి మ్యాట్నీకి వెళ్ళండి. ఏసీకి ఒక శాలువా.

మియాపూర్ అమ్మాయి:
నిన్న వెళ్ళొచ్చాం! మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

అన్న చెప్పినట్టు మొన్న ఆఫీసు నుంచి వస్తూ మా ఇంటి దగ్గరి మల్టీప్లెక్స్‌కి వెళ్ళి అడిగాను. కౌంటర్‌లో ఉన్నబ్బాయి చాలా ఓపిగ్గా చెప్పాడు. మేం చూడాలనుకున్న సినిమా రెండు స్క్రీన్లలో ఆడుతోంది. ఒకదాంట్లో తలుపు కింద, రిక్లైనర్లు పైన. రెండోదాంట్లో తలుపు మధ్య వరుసల దగ్గర తెరుచుకుంటుంది, అక్కడి నుంచి రిక్లైనర్‌కి ఎనిమిది మెట్లు. రెండు షోల మధ్యలో ఒక్క నిమిషం లోపలికి తీసుకెళ్ళి చూపించాడు కూడా. నేను కూర్చుని లేచి చూశాను. రిక్లైనర్ బాగా మెత్తన, లేవడానికి నాకే కాస్త బలం పెట్టాల్సి వచ్చింది.

చివరికి రిక్లైనర్ తీసుకోలేదు. రెండో స్క్రీన్‌లో తలుపు పక్క వరుసలోనే నాలుగు మామూలు సీట్లు తీసుకున్నాం. ఒక్క మెట్టు కూడా లేదు. నాన్నకి చివరి సీటు, కుడి కాలు దారి వైపు. మధ్యాహ్నం షో కాబట్టి ముందు వరుసలు సగం ఖాళీ. కాసేపటికి నేను చూసేసరికి కాలు చాపుకుని, చేతులు కట్టుకుని, స్క్రీన్ వైపు అలా చూస్తూ ఉండిపోయారు. ఇంటర్వెల్‌లో తనే లేచి బయటికి నడిచి, పాప్‌కార్న్ లైన్లో నిలబడ్డారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వచ్చేటప్పుడు నాన్న అడిగారని అమీర్‌పేట మీదుగా వచ్చాం. సత్యం ఉన్న చోట కారు ఆపమన్నారు. దిగి, కొత్త బిల్డింగ్ ముందు నిలబడి, "టికెట్ కిటికీ ఇక్కడుండేది, క్యూ అదిగో ఆ మూల దాకా వెళ్ళేది" అని అమ్మకి చేత్తో చూపించారు. వచ్చే ట్రిప్‌లో అక్కడే చూడాలట.

బెజవాడ బాల్కనీ:
చదువుతుంటే కళ్ళు చెమర్చాయి తల్లీ. మా మేనమామకీ కుడి మోకాలే ఆపరేషన్, వచ్చే వారం తీసుకెళ్ళాలి. కుడి కాలు దారి వైపు అంటే యాప్‌లో ఏ వైపు సీటు నొక్కాలి?

మియాపూర్ అమ్మాయి:
నేనూ ముందు అక్కడే తడబడ్డాను అండి. యాప్‌లో స్క్రీన్ బొమ్మ ఎక్కడుందో చూడండి. స్క్రీన్ పైన ఉంటే, మ్యాప్‌లో కుడి చివరి సీటే కూర్చున్నాక కూడా కుడి వైపు వస్తుంది. స్క్రీన్ కింద చూపిస్తే తిరగబడుతుంది, మ్యాప్‌లో ఎడమ చివరి సీటు తీసుకోవాలి. ఆ చివర నడిచే దారి ఉందో, గోడ ఉందో కూడా చూసుకోండి. వరుస అక్షరం నమ్మొద్దు, కొన్నిచోట్ల 'A' వరుస ముందుంటుంది, కొన్నిచోట్ల వెనక. వీలైతే కౌంటర్లోనే అడిగి తీసుకోండి.