పాత మడత చాకు బిగుసుకుపోయింది, తెరిచేదెట్ల? పదును పెట్టేదెట్ల?

పలమనేరు పిల్లోడు:
అన్నలందరికీ నమస్కారం. ఇంట్లో పాత ట్రంకు పెట్టె అడుగున ఒక మడత చాకు దొరికింది. మూస్తే 9 సెం.మీ. పొడవు, రెండు బ్లేడ్లు. పిడి నల్లగా కొమ్ములాగుంది, లోపలి రేకులు ఇత్తడివి. పెద్ద బ్లేడు సగం వరకు వచ్చి ఆగిపోతోంది. చిన్నదైతే గోరు గాడిలో గోరు పెట్టి లాగినా కదల్లేదు. బ్లేడు మొదట్లో ఒక నక్షత్రం, పక్కన శిలువలాంటి గుర్తు, సగం అరిగిన "జర్స్" అనే అక్షరాలు, కింద షెఫీల్డ్ అని ఉంది. కొబ్బరినూనె పోస్తే కదులుతుందా? సైకిల్ మీద సాన పట్టే ఆయనకిచ్చేస్తే సరిపోతుందా? బాగైనాక మామిడికాయలు కోసుకోవచ్చా? పాత చాకుల కబుర్లు తెలిసినోళ్లు అవీ చెప్పండి, వినాలనుంది.

సానరాయి:
ముందే చెప్తున్నా, పట్కారు జోలికి పోవద్దు తమ్ముడూ. గోరుకు రానిది పట్కారుతో లాగితే బ్లేడు గోరు గాడి దగ్గర విరుగుతుంది, లేదా ఇత్తడి రేకు వంగుతుంది. ఆ రెండూ బాగుచేయడం మనవల్ల కాదు.

పెద్ద బ్లేడు సగంలో ఆగడం జబ్బు కాకపోవచ్చు. బ్లేడు మొదలు చదరంగా చేసిన చాకుల్లో 90 డిగ్రీల దగ్గర కావాలనే ఒక ఆగుడు ఉంటుంది. మూసేటప్పుడు వేళ్లు తెగకుండా అది. కాస్త బలంగా నెడితే ఠక్కుమని రెండో సగం దాటితే అది ఆగుడు. ఇసుక నలిగినట్టు గరగరలాడుతూ ఆగితే తుప్పు.

తుప్పయితే కుట్టుమిషను నూనె తీసుకో. చాకును నిలువుగా పట్టుకుని, బ్లేడు తిరిగే రివిట్టు దగ్గర, బ్లేడుకూ రేకుకూ మధ్య సందులో రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున బ్లేడును గుడ్డతో పట్టుకుని 1, 2 మి.మీ. మాత్రమే ముందుకీ వెనక్కీ ఆడించు. సందులోంచి ఎర్రటి బురదలాంటిది వస్తుంది, తుడిచి మళ్లీ చుక్క వెయ్యి. నూనె ఎర్రగా వచ్చినంత కాలం ఇదే పని. తేటగా వచ్చినప్పుడే బ్లేడును పూర్తిగా తెరువు. తర్వాత పిడి లోపలి గాడిలో పేరుకున్న మట్టిని పుల్లతో గీకు, ఇనుప సూదితో కాదు. చిన్న బ్లేడుకు మూడు నాలుగు రాత్రులు పట్టినా తొందరపడొద్దు.

నీళ్లలో నానబెట్టడం, ఉడకబెట్టడం అసలొద్దు. కొమ్ము నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు మెలిపడి రివిట్ల దగ్గర పగులుతుంది. నిమ్మరసం, వెనిగర్ కూడా వద్దు. పైన తళతళ మెరుస్తుంది గానీ పులుపు రివిట్టు సందులో చేరితే కడిగినా పోదు, లోపల్లోపలే తింటుంది.

ఇక నూనె. నువ్వుల నూనె, వేరుశనగ నూనె గాలి తగిలి జిగురవుతాయి. పాత చాకులు సగం బిగుసుకునేది దీనివల్లే. కొబ్బరినూనె అంత జిగురు కాదు గానీ 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది, హార్సిలీ హిల్స్ చలికి చాకు మూతపడిపోతుంది. పండ్లు కోసే చాకైతే మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అడుగు. రంగూ వాసనా ఉండవు, కడుపులోకి పోయినా భయం లేదు. రివిట్టుకు ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే జేబులో దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

కొర్లగుంట:
గుర్తుల సంగతి నేను చెప్తా. నక్షత్రం, మాల్టా శిలువ జంటగా ఉంటే అది ఇంగ్లండు షెఫీల్డ్‌లోని చాకుల కంపెనీ జోసెఫ్ రాడ్జర్స్ వాళ్ల ముద్ర. మన దేశంలో ఆ పేరుకు ఎంత గిరాకీ ఉండిందంటే నకిలీలూ అంతే వచ్చాయి, పేరులో ఒక అక్షరం మార్చి కొట్టినవీ ఉన్నాయి. కాబట్టి భూతద్దం పెట్టి అక్షరం అక్షరం చదువు. కిరీటానికి అటూ ఇటూ "వీ ఆర్" ఉంటే విక్టోరియా కాలం, "జీ ఆర్" ఉంటే జార్జి రాజుల కాలం. ముద్ర స్పష్టంగా కనబడాలని దాన్ని మాత్రం రుద్దొద్దు. చాకుకు ఉన్న విలువలో సగం ఆ నాలుగు అక్షరాల్లోనే ఉంటుంది.

ఇంకోటి, ఆ పిడి నిజంగా కొమ్మేనా చూసుకో. ఆ కాలంలో సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడులు కూడా వచ్చాయి. బొటనవేలితో అర నిమిషం గట్టిగా రుద్ది వాసన చూడు. కర్పూరం వాసనొస్తే సెల్యులాయిడ్. దాని తయారీలో కర్పూరమే కలుపుతారు. సూది కాల్చి గుచ్చే పరీక్ష మాత్రం చేయొద్దు, సెల్యులాయిడ్ భగ్గుమని అంటుకుంటుంది. పాతబడిన సెల్యులాయిడ్ ఆమ్లపు ఆవిరి వదిలి, పక్కనున్న ఉక్కును తినేస్తుంది. పెట్టెలో ఒక్క బ్లేడు మాత్రమే విపరీతంగా తుప్పు పట్టి ఉంటే కారణం చాలాసార్లు అదే. అలాంటిదాన్ని మిగతా చాకులతో కలిపి పెట్టొద్దు. కొమ్మే అయితే నెలకోసారి పలచగా కొబ్బరినూనె పూసి తుడిచెయ్. కొబ్బరినూనెకు చాకులో చోటు అక్కడే.

చిత్తూరు సాన:
సైకిల్ సాన వాళ్లు కొడవళ్లకు, కత్తిపీటలకు బాగా పనికొస్తారు. ఇలాంటి పలచటి బ్లేడుకు వద్దు. పొడి చక్రం మీద అంచు క్షణంలో వేడెక్కుతుంది. అంచులో నీలిరంగు చార కనబడిందంటే ఆ భాగం దాదాపు 300 డిగ్రీలకు పోయొచ్చిందని అర్థం. అక్కడ ఉక్కు మెత్తబడింది, ఎంత పదును పెట్టినా రెండు కోతలకే వాలిపోతుంది. పైగా ఒక్కసారి సానకే బోలెడు ఉక్కు పోతుంది. ఇంత పాత చాకుకు అది చాలా ఎక్కువ.

హార్డ్‌వేర్ షాపులో రెండు వైపుల కార్బోరండం రాయి దొరుకుతుంది. అంచు మరీ మొండిబారి ఉంటేనే గరుకు వైపు వాడు, లేకపోతే నున్నటి వైపుతో మొదలుపెట్టి 1000 గ్రిట్ (గరుకుతనం కొలత) నీటి రాయితో, అంటే నీళ్లు చల్లి వాడే రాయితో ముగించు. కోణం ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు. బ్లేడు వెడల్పు 12 మి.మీ. ఉంటే వెన్ను రాయికి 4 మి.మీ. ఎత్తులో ఉంటే 20 డిగ్రీలు. రూపాయి బిళ్లలు మూడు దొంతర పెడితే ఇంచుమించు అంతే. బిళ్లలతో ఒకసారి ఎత్తు చూసుకుని తీసేసి, అదే కోణం చేత్తో నిలుపు.

ఒక వైపే రుద్దుతూ పో. అవతలి వైపు అంచు మీద వేలిగోరు అడ్డంగా, వెన్ను నుంచి అంచు వైపు జార్చి చూస్తే సన్నటి తీగలాంటి గరుకు తగలాలి. మొదలు నుంచి కొన వరకు తగిలితేనే రెండో వైపుకు తిప్పు. చాలామంది దీన్ని వదిలేసి "వైపుకు ఇరవై సార్లు" అని లెక్క పెట్టుకుంటారు. అందుకే మధ్యలో తెగుతుంది, కొన దగ్గర తెగదు. చివర్లో బరువు దాదాపు లేకుండా అటొకటి ఇటొకటి లాగి, పాత తోలు బెల్టు లోపలి వైపు వెన్ను ముందుగా పదిసార్లు లాగితే ఆ తీగ రాలిపోతుంది. వార్తాపత్రికను అంచు పట్టుకుని కోయి. చిరగకుండా జారితే పని అయినట్టే.

బ్లేడు మొదట్లో, అంచు మొదలయ్యే చోటుకు కింద, బొడిపెలాంటిది ఉంటుంది. దాన్ని కిక్ అంటారు. రాయికి తగలనివ్వొద్దు. అది అరిగితే మూసినప్పుడు బ్లేడు లోతుకు దిగి అంచు పోయి పిడి వెన్నులో ఉండే స్ప్రింగుకు కొట్టుకుంటుంది.

తోతాపురి తోట:
మామిడికాయ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదే! పచ్చి తోతాపురికి ఆ చాకు పెడితే ముక్క అంచు నల్లబడుతుంది, ఇనుప రుచి వస్తుంది. మామూలు కార్బన్ ఉక్కు పులుపుతో పడదు. బ్లేడు కూడా నల్లగా, నీలంగా మారుతుంది. ఆ నలుపు భయపడాల్సింది కాదు, ఎర్ర తుప్పును కొంత ఆపుతుంది కూడా. పీచుతో తోమి తెల్లగా చేయాలని చూడకు. ఎర్రగా ఉన్న చోట మాత్రమే నూనె వేసి సన్న స్టీల్ ఉన్నితో మెల్లగా రుద్దు. ఉప్పూకారం నంజుకుని కాయ తినాలంటే స్టెయిన్‌లెస్ చాకు వేరే ఉంచుకో. ఫ్రాన్సు ఒపినెల్ 8వ నంబరు మంచిది, 8.5 సెం.మీ. బ్లేడు, తిప్పి బిగించే ఉంగరం. చాకు 1890లో పుట్టింది, ఆ ఉంగరం 1955లో వచ్చింది. కార్బన్‌లోనూ, స్టెయిన్‌లెస్‌లోనూ అమ్ముతారు, చూసి కొను. ఇప్పటి స్విస్ ఆర్మీ చాకులైతే దాదాపు అన్నీ స్టెయిన్‌లెసే. కార్ల్ ఎల్సెనర్ 1891లో స్విస్ సైన్యానికి చాకులివ్వడం మొదలుపెట్టాడు, 1897లో ఆఫీసర్ చాకు తెచ్చాడు.

పాత కబుర్లంటావా, మన వైపు చాకంటే మొలతాడుకో తాళంచెవుల గుత్తికో వేలాడేది. వక్క చీల్చను, పెన్సిల్ చెక్కను, చెరుకు గణుపు తీయను అన్నింటికీ అదే. జాతర అంగళ్లలో చేప ఆకారం చాకులు అమ్మేవాళ్లు. తోక పట్టుకుని లాగితే బ్లేడు వచ్చేది, ఉక్కు మాత్రం రేకులాంటిది, జామకాయకు మించి పనికిరాదు. నిజమైన చాకు చూడాలంటే మామిడి అంట్లు కట్టేవాళ్ల చేతిలో చూడాలి. దానికి ఒక వైపే వాలు, రెండో వైపు అద్దంలా చదును. మామిడి కొమ్మ మీద 4 సెం.మీ. ఏటవాలు కోత ఒకే లాగుడుకు చదునుగా రావాలి. కొంచెం గుంటపడినా రెండు బెరడుల కింది పచ్చి పొరలు తాకవు, అంటు ఎండిపోతుంది. అందుకే దాన్ని మామూలు చాకులా రెండు వైపులా రుద్దితే పాడవుతుంది. వాలు వైపే రుద్ది, చదును వైపును రాయి మీద పూర్తిగా ఆనించి ఒకటి రెండుసార్లు లాగాలి. సొన అంటితే అప్పటికప్పుడు స్పిరిట్ గుడ్డతో తుడవాలి, ఎండితే గోరుకు కూడా రాదు.

పలమనేరు పిల్లోడు:
సానరాయి అన్నా, రెండు బ్లేడ్లూ తెరుచుకున్నాయి. పెద్దది 90 దగ్గర ఠక్కుమని ఆగి, మళ్లీ ఠక్కుమంటోంది. కర్పూరం వాసన లేదు, కొమ్మే. పదును కూడా వచ్చింది గానీ, మూసి తెరిచిన ప్రతిసారీ నడిమధ్యలో ఒకే చోట మొండిబారుతోంది. ఇంకోటి, జేబులో పెట్టుకుని తిరగొచ్చా?

సానరాయి:
చిత్తూరు సాన చెప్పిన కిక్ సంగతే అది, ఎప్పుడో అరిగింది. పిడి గాడిలో సన్న కాగితం ముక్క పెట్టి బ్లేడు మూసి చూడు. కాగితం తెగితే అంచు స్ప్రింగుకు తగులుతున్నట్టే. ఒక మిల్లీమీటరు మందం తోలు పీలిక గాడిలో, అంచు తగిలే చోట పెట్టు. జిగురు వద్దు, వెడల్పు సరిపోతే అదే కూర్చుంటుంది. మూసేటప్పుడు వదిలెయ్యకుండా చివరి వరకు వేలితో దించు.

కొర్లగుంట:
ఆయుధాల నిబంధనల్లో పేరు పెట్టి చెప్పింది 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడ్ల గురించి. ఇంటిపనికి, పొలం పనికి చేసినవి అందులోకి రావు. నీది దాంట్లో సగం కూడా లేదు. అయినా కొండకు వెళ్లేటప్పుడు ఇంట్లోనే పెట్టి వెళ్లు, అలిపిరి తనిఖీలో ఆపుతారు. రేణిగుంటలో విమానం ఎక్కేటట్టయితే చేతి సంచిలో వద్దు, చెక్-ఇన్ పెట్టెలో వేసెయ్.