వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ ఇప్పుడు కొనొచ్చా, ఇంకా ఆగాలా?

పర్లాకిమిడి కుర్రోడు:
బరంపురంలో ఫ్రెండ్ దగ్గర మెటా వాళ్ల వీఆర్ హెడ్‌సెట్ క్వెస్ట్ 3 తలకి పెట్టుకుని బీట్ సేబర్ అనే గేమ్ ఆడా, మతిపోయింది. కొనాలనుంది కానీ మా ముందుగది ఇరుకు, పీసీలో గ్రాఫిక్స్ కార్డు కూడా లేదు. డబ్బు దండగేనా?

రాయగడ అన్న:
తమ్ముడూ, దానికి పీసీ అక్కర్లేదు, ప్రాసెసర్ లోపలే ఉంటుంది. అదే 2023లో వచ్చిన సోనీ హెడ్‌సెట్ పీఎస్‌వీఆర్ 2 అయితే వైరుతో పీఎస్5 గేమ్ కన్సోల్‌కి తగిలించాలి. నడుస్తూ ఆడాలంటే 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలి, లేదంటే ఒకేచోట నిలబడో కూర్చునో ఆడే గేములే. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, ఎక్కువ భాగం ముఖం మీదే పడుతుంది, మన ఎండాకాలంలో చెమటకి ముఖానికి ఆనే ఫోమ్ తడిసిపోద్ది. ఒకసారి ఛార్జ్ చేస్తే దాదాపు రెండు గంటలు వస్తుంది, అంతే.

జైపూర్ గేమర్:
అసలు బాధ తల తిరగడం. కళ్లేమో పరిగెడుతున్నానంటాయి, లోపలి చెవి కదల్లేదంటుంది, మెదడుకి లెక్క కుదరక కడుపులో తిప్పుతుంది. బీట్ సేబర్‌లో నిలబడే ఉంటావు కాబట్టి నీకు తెలీలేదు. కంట్రోలర్ మీది స్టిక్‌తో నడిచే గేమ్ ఒకటి ఆడి చూసి అప్పుడు కొను.

పర్లాకిమిడి కుర్రోడు:
సరే అన్నా, ఈ ఆదివారం మళ్లీ వాడి నెత్తినెక్కుతా. కళ్లజోడు మీద పెట్టుకోవచ్చా?

రాయగడ అన్న:
పెట్టుకోవచ్చు, లెన్సులకి గీతలు పడకుండా చూసుకో.