చలన నియమం మెర్టన్ కాలేజీదా, గెలీలియోదా?

లెక్కలమాస్టారు:
మొన్న తొమ్మిదో తరగతికి చలన సమీకరణాలు చెబుతుంటే ఒక పిల్ల లేచి, "ఇది గెలీలియో కనిపెట్టాడా సార్?" అని అడిగింది. అవునన్నాను. ఇంటికొచ్చి చదివాక ఆ జవాబు మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీ పండితుడు విలియం హేట్స్‌బరీ 1335లో రాసిన పుస్తకంలోనే ఆ నియమం ఉంది. కదలకుండా ఉన్న వస్తువు బయలుదేరి ఒకే తీరున వేగం పెంచుకుంటూ పోతే, ఆఖరి వేగంలో సగంతో అంతసేపూ నిలకడగా పోయినంత దూరమే పోతుందని అందులో చెప్పాడు. మొదటి సగం సమయంలో పోయినదానికి మూడింతలు రెండో సగంలో పోతుందనీ చెప్పాడు. గెలీలియో పుస్తకం అచ్చయింది 1638లో. అంటే మధ్యలో మూడు వందల ఏళ్ళు. పిల్లలకు పేరు మార్చి చెప్పాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

వాలుబల్ల:
మార్చక్కర్లేదు మాస్టారూ. హేట్స్‌బరీది తర్కం నేర్చుకునే కుర్రాళ్ళ కోసం రాసిన చిక్కుప్రశ్నల పుస్తకం. "ఒక వస్తువు ఇలా కదిలిందనుకుందాం" అని మొదలుపెట్టి లెక్క తేలుస్తాడు. మేడ మీంచి పడే రాయి అలాగే పడుతుందని ఎక్కడా అనలేదు. గెలీలియో సుమారు 12 మూరల దూలానికి గాడి తీసి, నున్నగా ఉండటానికి అందులో తోలుకాగితం అంటించి, కంచు బంతిని దొర్లించాడు. బంతి పోతున్నంతసేపూ సన్న గొట్టంలోంచి కారిన నీళ్ళు పట్టి తూకం వేశాడు. సమయం రెట్టింపైతే దూరం నాలుగింతలైంది. ఊహించినవాళ్ళకీ కొలిచినవాళ్ళకీ ఒకే పీట వేయడం నాకు న్యాయంగా అనిపించదు.

పాతపుస్తకం:
వాలుబల్ల గారూ, మీరు కొలత దగ్గర మొదలుపెడుతున్నారు. అసలు ఏం కొలవాలో తెలియాలిగా!

బైకు మీద పోతుంటే స్పీడోమీటరు ముల్లు 40 దగ్గర ఉంటుంది. ఆ క్షణంలో మీరు 40 కిలోమీటర్లు పోలేదు, గంట కూడా గడవలేదు. మరి ఆ 40 అంటే ఏమిటి? ఇదే వేగంతో గంటసేపు పోయుంటే 40 కిలోమీటర్లు పోయేవారని. మనం ఆలోచించకుండా వాడే ఈ అర్థాన్ని హేట్స్‌బరీ మాటల్లో పెట్టాడు: ఒక క్షణంలోని వేగం అంటే, అదే వేగం కొంతసేపు నిలిచి ఉంటే ఆ వస్తువు పోయే దూరాన్ని బట్టి చెప్పేది. ఈ మాట చేతిలో లేకుండా "వేగం ఒకే తీరున పెరిగింది" అనే వాక్యానికి అర్థమే ఉండదు. గెలీలియో దూలం కోసుకునే ముందు ఆ వాక్యం కావాలి.

మెర్టన్ పండితుల బృందం అక్కడికి వచ్చిన దారి నాకు చాలా ఇష్టం. నీళ్ళు వేడెక్కినట్టు, తెలుపు చిక్కబడినట్టు, వేగం కూడా అంశలంశలుగా హెచ్చుతుందని అనుకున్నారు. గుణాన్ని అంకెగా చూశారు. తర్వాత పారిస్‌లో నికొలాస్ ఒరేమ్ దాన్నే బొమ్మగా గీశాడు: అడ్డగీత సమయం, నిలువుగీతలు వేగం. పెరిగే వేగం త్రిభుజమైతే, సగం వేగం దీర్ఘచతురస్రం. వైశాల్యాలు సమానం. మాస్టారూ, మీరు బోర్డు మీద గీసే గ్రాఫ్ అదే.

ఆ బృందంలో పెద్దవాడు థామస్ బ్రాడ్‌వర్డీన్. 1349లో ఇంగ్లండు చర్చికి పెద్దయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయి, ఇంచుమించు నలభై రోజులకే ప్లేగుతో పోయాడు. ఆ మహమ్మారి లేకపోతే ఆ కాలేజీ ఇంకెంత దూరం వెళ్ళేదో అనిపిస్తుంది నాకు.

గడియారపుముల్లు:
ఇంగ్లండు పండితులంటే మాటలే, చేతలు లేవనుకోవద్దు. రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ కమ్మరి కొడుకు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి 1327లో సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి అయ్యాడు. కుష్ఠువ్యాధి శరీరాన్ని తినేస్తుంటే సూర్యచంద్రుల గమనం, గ్రహణాలు, లండన్ బ్రిడ్జి దగ్గర ఆటుపోట్లు చూపించే గడియారం మొదలుపెట్టాడు. సూర్యుడు ఏడాది పొడవునా ఒకే వేగంతో నడవడు కదా, ఆ తేడా చూపడానికి కోలగా ఉండే పళ్ళచక్రం పెట్టాడు! చర్చి మరమ్మతు వదిలేసి గడియారానికి డబ్బు తగలేస్తున్నావేమని రాజు మూడో ఎడ్వర్డ్ మందలించినా ఆపలేదు.

చుక్కలదారి:
ఈ కథలో మన దేశం ముక్క ఒకటుంది. ఇంగ్లండులోని బాత్ ఊరి అడెలార్డ్ 1126లో బాగ్దాద్ గణితజ్ఞుడు అల్‌ఖ్వారిజ్మీ గ్రహగణిత పట్టికలను అరబ్బీ నుంచి లాటిన్‌లోకి తెచ్చాడు. వాటి మూలాలు బ్రహ్మగుప్తుడి లెక్కల్లో ఉన్నాయి. రేఖాంశాలు లెక్కపెట్టడానికి అరబ్బులు వాడిన మధ్యరేఖ "అరిన్" మన ఉజ్జయినే. రెండో భాస్కరుడు కూడా 1150లో గ్రహాల "తాత్కాలిక గతి", అంటే ఆ క్షణంలోని వేగం, గురించి రాశాడు. అయితే ఆ ఆలోచన ఆక్స్‌ఫర్డ్‌కు చేరిందనడానికి ఆధారం లేదు, కాబట్టి "అన్నీ మనవే" అని దయచేసి ఎవరూ మొదలుపెట్టొద్దు.

వాలుబల్ల:
పాతపుస్తకం గారి స్పీడోమీటరు మాట ఒప్పుకుంటున్నాను, ఆ కోణంలో నేను ఆలోచించలేదు. కానీ బ్రాడ్‌వర్డీన్ సంగతేమిటి? బలానికీ నిరోధానికీ నిష్పత్తి 3 ఉన్నప్పుడు వచ్చే వేగం రెట్టింపు కావాలంటే ఆ నిష్పత్తి 9 కావాలని 1328లో రాశాడు. లెక్క అందంగా ఉంది, ప్రకృతి అలా లేదు. ఆ తప్పును తరతరాలుగా పాఠంగా చెప్పుకున్నారు. పరీక్ష పెట్టకపోతే జరిగేది ఇదే. అందుకే నా ఓటు ఇప్పటికీ గెలీలియోకే.

లెక్కలమాస్టారు:
సోమవారం ఆ పిల్లను పిలిచి నా జవాబు సగమే నిజమని చెబుతాను. ముందు ఒరేమ్ త్రిభుజం గీయిస్తాను. తర్వాత మా స్కూల్లో పాత బల్ల ఒకటుంది, దాని కాళ్ళ కింద రెండు ఇటుకలు పెట్టి గోళీ దొర్లించి చూడాలి. నీళ్ళు తూచడానికి చిన్న కాటా ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.