మెచ్యూరిటీకి మాట: పరిణతా, పండటమా?

మా మేనకోడలు విదేశంలో చదువుకుంటూ అక్కడి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తోంది. ఈసారి వాళ్ల కచేరీ అంతా మెచ్యూరిటీ, విజ్డం మీదట. "మామయ్యా, ఇక్కడి మనవాళ్లకి పంపడానికి రెండు ముక్కలు తెలుగులో రాసిపెట్టు" అంది. కూర్చుంటే మొదటి మాట దగ్గరే బండి ఆగింది.

మెచ్యూరిటీ అనే ఉంచేద్దామంటే, ఒడిశాలోని మన బరంపురం ఇళ్లల్లో "మెచ్యూర్ అయింది" అంటే ఆడపిల్ల ఫంక్షన్‌కి పిలుపు వచ్చినట్టే. పరిణతి పుస్తకం అట్టమీద బాగానే ఉంటుంది గానీ మా అమ్మ నోట ఒక్కసారీ వినలేదు. ముదరడం వద్దే వద్దు. ముదిరిన బెండకాయని పారేస్తాం, "వాడు ముదురు" అంటే తిట్టే.

నాకు పండటమే నచ్చింది. కాయ పండుతుంది, గోరింటాకు పెట్టిన చెయ్యి పండుతుంది, తాంబూలానికి నోరు పండుతుంది, వయసుకి తల పండుతుంది. మన బజార్లో ఒడియావాళ్లు కూడా ముగ్గిన అరటిపండుకీ, నెరిసిన జుట్టుకీ "పాచిలా" అనే అంటారు కదా.

ఆ కచేరీలో జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ "నాలుగు చివరి పాటలు" ఉన్నాయి. ఆయనకి 84 ఏళ్లు నిండిన 1948లో రాశాడు, మరుసటి ఏడాదే పోయాడు. చివర్లో పాడే పాటలో, కలిసి నడిచి అలసిన ఇద్దరు సాయంకాలపు వెలుగు చూస్తూ "ఇదేనా చావంటే?" అనుకుంటారు. సరిగ్గా అక్కడ హార్న్ అనే ఇత్తడి బూర మీద ఒక పాత బాణీ వినిపిస్తుంది. పాతికేళ్ల వయసులో, 1889లో, మంచంమీద చావుతో పెనుగులాడే మనిషి గురించి తనే కట్టిన బాణీ అది. అప్పుడు ఆర్కెస్ట్రా అంతా కలిసి హోరెత్తించింది, ఇప్పుడు అడిగీ అడగనట్టు వచ్చి వెళ్లిపోతుంది. కాయ ఎక్కడిదో పండూ అక్కడిదే. దీన్ని పరిణతి అంటే నాకు ఆనదు.

ఇది చదివి పర్లాకిమిడి నుంచి ఒకరు: గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లం, వాడుకమాటకే మా ఓటు. కానీ మాస్టారూ, పరిణతిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. అందులో ఉన్నది "నమ్" ధాతువు, వంగడం. నమస్కారంలో ఉన్నదీ అదే. పండిన వరికంకి ఎలా ఉంటుందో చూశారుగా.

గుణుపురం నుంచి మరొకరు: అదంతా సరే, "పండిన సంగీతం" అని వేస్తే రేడియోలో పాడిపంటల కార్యక్రమం అనుకుంటారు. "తలపండిన" అన్నా, పేపర్లవాళ్లు ఆ మాటని రాజకీయ నాయకులకి రాసిచ్చేశారు. "చెయ్యి తిరిగిన" అనొచ్చుగా?

నేను: చెయ్యి తిరగడం సాధనతో వస్తుందండీ. మా మేనకోడలికి ఇరవై ఏళ్లకే తిరిగింది. స్ట్రాస్‌కి పాతికేళ్లకే తిరిగిపోయింది, లేకపోతే ఆ బాణీ కట్టేవాడే కాదు. తల పండటానికి మరో 59 ఏళ్లు పట్టింది. వరికంకి మాట మాత్రం నన్ను పట్టేసింది, పరిణతి మీద కోపం సగం తగ్గింది. అయినా "పండిన స్వరం" అనే రాసి పంపాను. "పండిన అంటే ఎర్రగానా, తెల్లగానా మామయ్యా?" అని తిరిగి అడిగింది. గోరింటాకుకి ఎరుపు, తలకి తెలుపు. ఇంకా జవాబు ఇవ్వలేదు.

ఇంతకీ రాయగడ వైపు మామిడికాయ గడ్డిలో పెట్టి "ముగ్గబెట్టాం" అంటారా, "మాగబెట్టాం" అంటారా? మా ఇంట్లో ముగ్గబెట్టడమే.