అప్‌డేట్: సీసాలో లేబుళ్లు చెరిగిపోయిన చీమల సంగతి

పోయిన నెల అడిగాను కదా, హన్మకొండ దగ్గర మా మామిడి తోటలో పట్టిన చీమల సీసాల్లో బాల్‌పెన్ రాత మొత్తం ఆల్కహాల్‌లో కరిగిపోయింది, ఎండబెట్టినవాటికేమో ముట్టుకుంటే మీసాలు విరిగిపోతున్నాయి, ఏం చేయాలని. చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్, రెండూ దారికొచ్చాయి.

ఇప్పుడు మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో ఊరు, తేదీ, ఏ చెట్టు అన్నది రాసి సీసా లోపలే వేస్తున్నాను, ఒక్క అక్షరం పోలేదు. కానీ లేబుల్ పోయిన ఆ పాత ఆరు సీసాలు పక్కన పెట్టేశాను, గుర్తున్నట్టే ఉంది గానీ ఊహించి రాయడం తప్పు. ఎండినవాటిని తడిగుడ్డ వేసిన మూత డబ్బాలో ఒక రోజంతా ఉంచితే మెత్తబడ్డాయి, తర్వాతే అట్టముక్క త్రికోణం కొనకు జిగురుతో అంటించాను.

అసలు సంతోషం వేరే ఉంది. ఆకులు కుట్టే ఎర్రచీమల గూడు ముందు రెండు గంటలు కూర్చున్నాను. ఆకుల్ని కలిపి కుట్టే పట్టుదారం ఎదిగిన చీమలది కాదు, వాటి పిల్ల పురుగులది! ఒక్కో చీమ పిల్లను నోట కరచుకుని ఈ ఆకు అంచుకీ ఆ ఆకు అంచుకీ ఆనిస్తూ పోతుంటే మా వరంగల్ కొత్తవాడ మగ్గంలో దారం మోసే నాడె ఆడినట్టే ఉంది. చేతులు మండిపోయాయి, అవి కరిచి ఆ గాటు మీద ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి మరి.

పాకాల అడవిలో మాత్రం ఇంకా ఏదీ పట్టలేదు, అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి కోసం దరఖాస్తు రాస్తున్నాను.