ఇనిషియల్ ఫేజ్ 30 డిగ్రీలా, 150 డిగ్రీలా?

పుత్తూరు ఇంటర్:
తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. సరళ హరాత్మక చలనంలో (స్ప్రింగు, ఊయలలా అటూ ఇటూ ఊగే చలనం) ఇనిషియల్ ఫేజ్, అంటే టీ = 0 అప్పటి కోణం ఫై, దగ్గరే ప్రతిసారీ మార్కు పోతోంది. నిన్నటి లెక్క ఇది: స్ప్రింగుకు కట్టిన దిమ్మె, కంపన పరిమితి (మధ్య నుంచి పోయే అత్యధిక దూరం, ఏ) 10 సెం.మీ. టీ = 0 అప్పుడు +5 సెం.మీ. దగ్గర ఉంది, మధ్య స్థానం వైపు వస్తోంది. ఒమేగా కోణీయ పౌనఃపున్యం అనుకుని ఎక్స్ = ఏ సైన్ (ఒమేగా టీ + ఫై) అని రాస్తే సైన్ ఫై = 1/2 వచ్చింది. 30 డిగ్రీలు పెట్టాను. కీలో 150 ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

చిత్తూరు అక్క:
లెక్క సగంలో ఆపేశావు తమ్ముడూ. "మధ్య స్థానం వైపు వస్తోంది" అన్న ముక్క వాడనేలేదు. సైన్ 1/2 అయ్యే కోణాలు రెండు: 30, 150. దిమ్మె ఎక్కడుందో తెలిస్తే చాలదు, ఎటు పోతోందో కూడా కావాలి. వేగం = ఏ ఒమేగా కాస్ (ఒమేగా టీ + ఫై). +5 నుంచి మధ్యకు వస్తోందంటే వేగం మైనస్, కాబట్టి కాస్ ఫై మైనస్ కావాలి. కాస్ 30 ప్లస్, కాస్ 150 మైనస్. నేనైతే ముందు పేపరు అంచున ఒక గీత, చుక్క, బాణం వేసుకుని ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టేదాన్ని.

శ్రీకాళహస్తి బీటెక్:
టాన్ ఫై = ఒమేగా × తొలి స్థానభ్రంశం ÷ తొలి వేగం అని చేసేవాళ్లకూ ఇదే చిక్కు. ఈ లెక్కకు ఫోన్ కాలిక్యులేటర్ −30 చూపిస్తుంది. వేగం మైనస్ అయితే 180 కలపాలి. ఒకసారి నేను కలపడం మరచిపోయి రికార్డులో గ్రాఫ్ మొత్తం తలకిందులుగా గీశాను.

పుత్తూరు ఇంటర్:
మా సార్ కాస్‌తో చేస్తే 60 వచ్చిందే?

అలిపిరి మాస్టారు:
రెండూ ఒకటే నాయనా. కాస్‌ను సైన్‌గా మారిస్తే కోణానికి 90 కలుస్తుంది: 60 + 90 = 150. ప్రశ్నలో ఏ సమీకరణం ఇచ్చాడో ముందు చూసుకో.

ఇంకో సంగతి. ఫేజ్ స్ప్రింగులో ఉండేది కాదు, మనం గడియారం ఎప్పుడు మొదలుపెట్టామన్న దాన్ని బట్టి వచ్చేది. కొండ మీద ఊంజల్ సేవ చూసే ఉంటావు. డోలోత్సవంలో ఉన్న డోల అనే మాటే మన డోలనంలోనూ ఉంది. ఊయల నీ వైపు చివరికంటా వచ్చిన క్షణంలో నువ్వు చూడటం మొదలుపెట్టావనుకో, సైన్ లెక్కలో నీకు ఫేజ్ 90. నీ వెనకున్న అవ్వకు జనం సందులోంచి అది వెనక్కి పోతూ మధ్యకు చేరినప్పుడు కనపడింది, ఆమెకు 180. ఊయల ఒక్కటే, ఆవర్తన కాలమూ ఒక్కటే. మీరిద్దరూ చూపు వేసిన క్షణాలే వేరు.

పుత్తూరు ఇంటర్:
ఇప్పుడు బాణం గీసి ఇంకోటి చేశాను సార్. −5 దగ్గర ఉంది, మధ్యకు వస్తోంది. సైన్ −1/2, వేగం ప్లస్, ఫై = −30. ఆప్షన్లలో −30 లేదు, 330 ఉంది.

చిత్తూరు అక్క:
అదే పెట్టు. 360 కలిపితే ఒక చుట్టు తిరిగి అక్కడికే వస్తాం.